టోక్యోలో సుషీ, అరకు సంతలో ఎండు చేప

వెనకాల గోల వినిపిస్తోంది కదా, నేను అరకు సంతలో ఉన్నాను. ఈరోజు టాపిక్ మాత్రం సుషీ. అరకులో సుషీ ఏంటి బ్రో అంటారని తెలుసు. ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండగా ఆన్‌సైట్ మీద మూడు నెలలు టోక్యోలో ఉన్నాను. అక్కడి పెద్ద చేపల మార్కెట్ తొయోసు. 1935 నుంచి సుకిజీలో నడిచిన హోల్‌సేల్ మార్కెట్‌ని 2018 అక్టోబరులో అక్కడికి మార్చారు. తెల్లారకుండానే టూనా వేలం మొదలవుతుంది. 2019 జనవరిలో 278 కిలోల ఒకే ఒక్క చేప 33 కోట్ల యెన్‌లు దాటి పలికింది. మన డబ్బుల్లో 20 కోట్ల పైమాటే!

వేలం చూసి, అక్కడే ఒక చిన్న షాపులో కూర్చున్నాను. గోరువెచ్చని అన్నం ముద్ద, మీద చల్లటి టూనా ముక్క. చేత్తోనే తినొచ్చు. సోయా సాస్ అన్నానికి కాదు, చేప వైపు కొంచెం అద్దాలి. నీచు వాసన అస్సలు లేదు. నోట్లో పెట్టగానే కరిగిపోయింది. ఫొటో తీసి స్టేటస్ పెట్టేశా.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ మార్కెట్‌కి వచ్చే టూనాలో చాలా భాగం సముద్రం మీదే మైనస్ 60 డిగ్రీల్లో గడ్డకట్టించినది. అలా గడ్డకట్టిస్తే చేపలో ఉండే పురుగులు కూడా చస్తాయి. అందుకే మన వాగు చేపని ఇంట్లో పచ్చిగా తినే ప్రయోగాలు చేయకండి, ప్లీజ్.

ఇంకా లోపలికి వెళ్తే, సుషీ మొదట్లో పచ్చి చేపే కాదు. చేపకి ఉప్పు పట్టించి, అన్నంలో కూరి నెలల తరబడి పులియబెట్టేవాళ్ళు. సుషీ అన్న మాటకే పులుపు అని అర్థం. బివా సరస్సు దగ్గర ఫునజుషీ అని ఇప్పటికీ చేస్తారు, దాని వాసన మామూలుగా ఉండదు. ఇప్పుడు మనం చూసే ముద్ద సుషీ 1820ల్లో ఎదో, అంటే నేటి టోక్యోలో, మొదలైంది.

ఇప్పుడు అరకు ఎందుకో చెప్తా. విశాఖ సముద్రం ఇక్కడికి 115 కిలోమీటర్లు, చివర్లో అంతా ఘాట్ రోడ్డు. ఐస్ లేని రోజుల్లో పచ్చి చేప కొండెక్కేలోపే పాడైపోయేది. అందుకే సంతకి ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు వచ్చాయి. చోడి అంబలిలోకి నాలుగు నెత్తళ్ళు కాల్చుకుంటే పూట గడిచిపోతుంది. చేప పాడవకుండా జపాన్ వాళ్ళు పులియబెట్టారు, మనవాళ్ళు ఎండబెట్టారు.

బీటెక్ హాస్టల్‌లో నా రూమ్మేట్‌ది ఈ కొండల్లోని ఊరే. ఇంటికెళ్ళొచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్ళ వేపుడు తెచ్చేవాడు. కంపు కొడుతోంది, బయట తిను అన్నది నేనే. వాడు ఒక్కడే మెట్ల మీద కూర్చుని తిన్నాడు. తొయోసులో క్యూలో నిలబడ్డ రెండు గంటలూ అదే గుర్తొచ్చింది.

నిన్న ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఇప్పుడా రా?" అని నవ్వాడు. ఈ సాయంత్రం ఇంటికి రమ్మన్నాడు. ఇదిగో, పావుకిలో నెత్తళ్ళు కొన్నాను. పట్టుకెళ్తున్నా.

మీరు కూడా ఎవరి బాక్స్‌నైనా చూసి ముక్కు మూసుకున్నారా? కామెంట్‌లో రాయండి. ఉంటానండి.