గట్టు వేసేది మనం, పట్టా ఎవరిది?

(మహిళా రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేలను, నీటిని, చెట్టును కాపాడుకునే రైతుకు ప్రభుత్వం సాయం చేస్తుంది. గట్లు వేయడానికి, నీటికుంట తవ్వడానికి, బీడులో పండ్ల మొక్కలు నాటడానికి డబ్బిస్తుంది. మంచిదే. అయితే ఆ రైతు ఎవరు? దీని గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995 నుంచి వాటర్‌షెడ్ పథకాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. పనులు గ్రామ కమిటీలే చేయించాలన్నారు, కమిటీలో మహిళలుండాలన్నారు. నేను తిరిగిన కరువు గ్రామాల్లో రాళ్ళు మోసింది, మట్టి ఎత్తింది ఎక్కువగా ఆడవాళ్ళే. పని ముగిశాక కూలి ఆగిపోయింది. గట్టు వల్ల నిలిచిన తేమ, బావిలో పెరిగిన నీళ్ళు మాత్రం పట్టా ఉన్నవాళ్ళకే మిగిలాయి.

ఒక అక్క పదేళ్ళుగా మూడెకరాలు ఒంటిచేత్తో సాగు చేస్తోంది. భర్త పోయాడు. పట్టా ఇంకా చనిపోయిన మామగారి పేరునే ఉంది. నీటికుంట కోసం దరఖాస్తు పెట్టబోతే పాసుపుస్తకంలో పేరున్న మనిషిని తీసుకురమ్మన్నారట. "పైలోకానికి పోయి తీసుకురావాలా?" అని నన్నడిగింది.

ఆమె ఒక్కతే కాదు. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతదారుల్లో మహిళలు సుమారు 14 శాతమే. మన రాష్ట్రంలో 1985 సవరణ, దేశమంతటా 2005 సవరణ కూతుళ్ళకు ఆస్తిహక్కు ఇచ్చాయి. చట్టం మారింది, రికార్డు మారలేదు. కౌలుదార్లు కూడా రైతులేనని 2007 జాతీయ రైతు విధానం చెప్పింది. కానీ దరఖాస్తు తీసుకునే గుమాస్తా అడిగేది పాసుపుస్తకమే.

అడవి భూముల్లో చట్టం కొంత మేలు. 2006 అటవీ హక్కుల చట్టం 4(4) సెక్షన్ ప్రకారం పెళ్ళయినవారికి హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి మహిళ కుటుంబ పెద్ద అయితే ఆమె పేరునే ఇవ్వాలి. భూమి అభివృద్ధి పథకాలు హక్కుదారులకు అందేలా రాష్ట్ర ప్రభుత్వం చూడాలని 2012లో నిబంధనల్లో చేర్చారు. అంటే ఆ సాయం అడిగే హక్కు భార్యకూ ఉంది.

అందుకే మన డిమాండ్లు ఇవి. వారసుల పేర్లు ఎక్కించడానికి ఊళ్ళోనే శిబిరాలు పెట్టాలి. సాగు చేస్తున్నట్టు గ్రామసభ ధృవీకరిస్తే పథకానికి అది చాలాలి. ఉమ్మడి హక్కుపత్రానికి వచ్చే డబ్బు ఉమ్మడి ఖాతాలో పడాలి. చెరువు చేపల్లో, ఊరుమ్మడి చెట్ల ఫలసాయంలో భూమిలేని మహిళలకు వాటా రాసివ్వాలి.

ఊరికి వెళ్ళగానే, 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ పథకాల లబ్ధిదారుల జాబితా అడగండి. అందులో ఆడవాళ్ళ పేర్లెన్నో లెక్కపెట్టండి. వచ్చే సమావేశానికి ఆ లెక్కతో రండి. అధికారులతో అక్కడినుంచే మాట్లాడదాం.