గాలిలో మన వాటా

(జిల్లా మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇన్ని చానెళ్ళు, ఇన్ని ఫోన్లు వచ్చాక ప్రజల డబ్బుతో ఆకాశవాణి, దూరదర్శన్ నడపడమెందుకని చాలామంది అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు మా అమ్మ సంగతి చెబుతాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. చదువు రాదు. చేతులకు తీరిక లేదు, చెవులకు మాత్రం ఉండేది. ఒళ్ళో చాట, పక్కన రేడియో. కనీస వేతనం అన్న మాట ఆమె మొదట విన్నది రేడియోలోనే. మరునాడు బీడీలు అప్పజెప్పేటప్పుడు, వెయ్యికి ఎంత రావాలని నిలదీసింది.

ఆ రేడియో మచ్చలేనిదని నేననను. 1975-77 ఎమర్జెన్సీలో అది సర్కారు బాకా అయింది. స్త్రీల కార్యక్రమమంటూ మనకు వంటలూ కుట్లూ ఎక్కువగా వడ్డించారు. ప్రసారభారతి చట్టం 1990లో చేసి, 1997లోగాని అమలు చేయలేదు. నిజం తెలుసుకునే పౌరుల హక్కును కాపాడాలనీ, స్త్రీల స్థితిగతులపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలనీ ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కానీ జీతాల డబ్బుకు నేటికీ కేంద్రం వైపే చూడాలి.

అయితే మూసేద్దామా? సర్కారు బడికి పంతులు రాకపోతే పంతుల్ని రప్పించమంటాం గాని, బడి మూసెయ్యమనం కదా!

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. అంటే అవి మంత్రి సొత్తూ కాదు, వ్యాపారి సొత్తూ కాదు. ప్రకటనల మీద బతికే చానెల్ సరుకు కొనగలిగేవాళ్ళను వెతుక్కుంటుంది. బీడీలు చుట్టే ఆడది దాని లెక్కలోకి రాదు. ఫోనుందిగా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము సొంతంగా వాడుకునే ఫోనున్న స్త్రీలు దేశంలో 54 శాతమే. మిగతా ఇళ్ళలో ఫోను ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలియనిది కాదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి, విత్తనాల గురించీ పంటల గురించీ తమ యాసలోనే చెప్పుకున్నారు. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి 2006 దాకా అనుమతే లేదు. వినడమే కాదు, మాట్లాడటమూ మన వాటాయే.

కాబట్టి ప్రజా ప్రసారాలు ఉండాలి. అయితే వాటి డబ్బు మంత్రుల దయ మీద కాక, చట్టప్రకారం అందాలి. వాటి పాలకమండళ్ళలో కూలి స్త్రీలు కూర్చోవాలి. ఈ నెలలోనే మీ సంఘాల తరఫున మీ ఆకాశవాణి కేంద్రానికి ఉత్తరం రాయండి. కూలి రేట్ల గురించీ, 2005 గృహహింస చట్టం గురించీ గడిచిన ఏడాది ఎన్నిసార్లు చెప్పారో లెక్క అడగండి.