పొలములోని రాతి వలయములు



తెలంగాణ మెట్టపొలములలో గుండ్రముగా పేర్చిన పెద్ద బండలను మనలో చూడనివారు అరుదు. పశువులు కాయువారు వాటిపై కూర్చుండి సద్ది విప్పుదురు. రాకాసి గుళ్లనియు, పాండవుల గుళ్లనియు పెద్దలు చెప్పుదురు.

అవి రాక్షసులు కట్టినవి కావు. మనవలెనే సేద్యము చేసి, మందలను మేపి బ్రదికినవారు తమవారికై కట్టిన సమాధులు. త్రవ్విచూచిన చోట్ల నడుమ రాతిపలకల పెట్టె, అందు ఎముకలు, లోపల నల్లగను వెలుపల ఎఱ్ఱగను కాలిన కుండలు, ఇనుప పనిముట్లు బయటపడినవి. చనిపోయినవానికి కుండను, కత్తిని తోడిచ్చి పంపినవారు, ఆవల మరియొక బ్రదుకు కలదని నమ్మియుండవలెను.

అయితే అవి సమాధులు మాత్రమేనా? అంత బరువు బండలను ఒక్క కుటుంబము కదల్చజాలదు. ఊరంతయు కూడవలెను. కూడినవారికి వంట కావలెను, డప్పు మ్రోగవలెను. ఇది మా ఊహయే. కాని పల్లెలో పుట్టినవారికి వింతగా తోచదు.

ఈ ఊహకు బలమిచ్చు చోటు ఒకటి కలదు. నారాయణపేట జిల్లాలో, కృష్ణానది ఒడ్డున ముడుమాల గ్రామము. అచట రాతి వలయములతోబాటు 10 నుండి 14 అడుగుల ఎత్తు గల నిలువురాళ్లు సుమారు 80 ఉన్నవి. చుట్టును చిన్నరాళ్లు బారులు తీరియున్నవి. ఇవి 3,500 ఏండ్లకు పూర్వపువని పరిశోధకుల అంచనా. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావుగారు వీటిని పలుమారులు పరిశీలించిరి. అయనములు మారు దినములలో సూర్యుడు ఉదయించు, అస్తమించు దిక్కులకు కొన్ని బారులు సరిపోవుచున్నవట. ఒక బండపై తొలిచిన చిన్నగుంటలు సప్తర్షి మండలమువలె అమరియున్నవి. వానకై ఆకాశము చూచువానికి ఋతువు తెలియుట ఎంత అవసరమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. పితరులను తలచుటకును, కాలమును లెక్కించుటకును వారు ఒకేచోట కూడిరేమో!

2025లో ఈ రాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. అంతకు ఎంతో ముందునుండియే ఊరివారు అందొక రాతిని ఎల్లమ్మగా కొలుచుచున్నారు. ఆమె జోలికి ఎవరు పోవుదురు?

పేరులేని వలయములకు ఆ రక్షణ లేదు. పొలము చదును చేయునపుడు ఎన్నియో చెదరిపోయినవి. ఒకసారి రాయి కదలినచో, అది మొదట ఏ దిక్కున నిలిచినదో చెప్పగల సాక్షి ఉండడు. మీ చేనిలో అట్టివి ఉన్నచో, ట్రాక్టరు పెట్టకముందే తహసీలుదారుకు గాని పురావస్తు శాఖకు గాని జాబు వ్రాయుడు. సర్వే నంబరును, రాళ్లెన్ని ఉన్నవో తెలిపిన చాలును.