కుట్టిన చేతికి పేరు

 

సంస్కృతి గురించి మాట్లాడమని పిలిచారు. నేను మిషన్ కుట్టుకునే మనిషిని, పెద్ద మాటలు రావు. అంగుళం వెడల్పున్న ఒక గుడ్డ ముక్క గురించి చెప్తాను. దాన్నే లేబుల్ అంటాం.

మీరు వేసుకున్న చొక్కా కాలరు లోపల ఏదో ఒక కంపెనీ పేరు ఉంటుంది. ఇంటికి పోయి యాడి పెట్టెలో ఉన్న పాత కాంచ్లి తిరగేసి చూడండి. అద్దాలుంటాయి, గవ్వలుంటాయి, నెలల తరబడి పొద్దుపోయాక కూర్చుని వేసిన కుట్టు ఉంటుంది. కుట్టిన మనిషి పేరు మాత్రం ఉండదు. తండాలో దాని అవసరం రాలేదు. కుట్టు చూడగానే ఇది ఫలానా ఆమె చెయ్యి అని ఆడవాళ్లు చెప్పేవాళ్లు.

తండా దాటాక ఆ ఎరుక పోతుంది. పాత బట్టలు కొనేవాళ్లు తీసుకుపోయిన ఫేటియాలు ముక్కలై, సంచులై, గోవా సంతల్లో బంజారా బ్యాగులుగా అమ్ముడుపోతుంటాయి. జాతి పేరైతే మిగిలింది. కుట్టినామె ఎవరో కొన్నవాళ్లకు తెలియదు, ఆమెకు ఆ ధరా తెలియదు.

పక్క రాష్ట్రంలో మనవాళ్లు కొంత దూరం పోయారు. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబానీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 1,755 లంబానీ వస్తువులు ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అది విని పొంగిపోయి మన సంచి మీద ‘సండూర్’ అని రాయకండి. జీఐ పేరు ఆ ప్రాంతానికి చెందుతుంది, 1999 చట్టం కిందికి వస్తుంది. ‘ఖాదీ’ అన్న మాట కూడా అంతే, సర్టిఫికెట్ లేకుండా వాడకూడదు. మనం డోర్నకల్ అని రాసుకుందాం. రైల్లో మన జంక్షన్ మీదుగా పోయినవాళ్లు దేశమంతా ఉన్నారు.

ఇక తయారీ. నేసిన లేబుళ్లు ఆర్డరిస్తే వందల్లో తీసుకోమంటారు, పది సంచులు కుట్టేవాళ్లకు అది దండుగ. టైలరింగ్ సామాన్ల కొట్టులో తెల్ల కాటన్ టేపు దొరుకుతుంది. ముందు దాన్ని వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి. అట్లా చేయకుంటే కుట్టాక అదొక్కటే ముడుచుకుని బట్టను లాగుతుంది. అయిదు సెంటీమీటర్లకొక ముక్క కోస్తే మీటరుకు 20 వస్తాయి. రెండు కొసలూ లోపలికి మడిచినా పేరుకు చోటు మిగులుతుంది.

పేరు ముద్రకు రబ్బరు స్టాంపు చేయించుకోండి. ఆఫీసుల్లో వాడే ప్యాడు ఇంకు మాత్రం వద్దు, ఒక్క ఉతుకుకే పోతుంది. బట్టల మీద వేసే ఫాబ్రిక్ రంగును స్పాంజీతో స్టాంపుకు పలచగా అద్ది ఒత్తాలి. ఒకరోజు ఆరాక, పైన పాత గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. అక్షరాలు చిన్నవైతే వత్తులన్నీ ముద్దైపోతాయి. నా మొదటి స్టాంపు అట్లనే పాడైంది, ఊరి పేరు కింద నల్లటి మరక తప్ప ఏమీ కనపడలేదు. రెండు వరుసలే పెట్టండి, పెద్దగా పెట్టండి. అన్నీ ముద్రించే ముందు ఒకటి సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసి చూడండి.

ఎవరి పేరు రాయాలన్నదే అసలు సంగతి. మొన్న ఒక తమ్ముడు తన పేరు మీద బ్రాండు పెడతానన్నాడు. కుట్టేది ఎవరయ్యా అంటే, అమ్మా పెద్దమ్మా అన్నాడు. అమ్మిపెట్టడం కూడా కష్టమే, కాదనను. నీ పేరు, ఫోన్ నంబరు ధర రాసే అట్టముక్క మీద వేసుకో. అది కొన్నాక తెంపి పడేస్తారు. సంచితో పాటు ఉండిపోయే లేబుల్ మీద కుట్టినామె పేరుండాలి. ఆడవాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం లేబుల్ మీద వేయకండి, ఆ సంచి ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు.

మా యాడికి రాయడం రాదు. టేపు మీద పెన్సిలుతో ఆమె పేరు రాసిచ్చాను. దాని మీదుగా ఎర్రదారంతో కుట్టింది. కుట్టాక, ఇదేనా నా పేరు అని వేలు పెట్టి తడిమి చూసుకుంది. ఆ ముక్క అమ్మడానికి కాదు, నా దగ్గరే ఉంది. మీ ఇంట్లో కూడా స్టాంపు కంటే ముందు ఇది చేయించండి, ఖర్చు సూదీ దారమే.

ఇంకొక్క మాట. మిషన్ మీద కుట్టినదానికి ‘చేతి కుట్టు’ అని రాయవద్దు. నేనూ మిషన్ మీద సంచులు కుడతాను, వాటికి ‘అంచు చేతి కుట్టు, సంచి మిషన్ కుట్టు’ అనే రాస్తాను. కొనేవాళ్లు ఒకసారి మోసపోతే పక్క తండా ఆమె నిజమైన పనిని కూడా నమ్మరు. అద్దాలున్న వాటికి వెనకవైపు ‘నానబెట్టవద్దు, పిండవద్దు’ అని వేస్తే మంచిది.

టేపు, రంగు, ఖాళీ స్టాంపులు తెచ్చాను. భోజనాలయ్యాక మెట్ల పక్కన బల్ల దగ్గర ఉంటాను. యాడి పేరు ఒక కాగితం మీద రాసుకుని రండి, తండా పేరు కూడా.