రెండవ యంత్రము ముందు ఎవరు కూర్చుందురు?

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నేను పరీక్షాఫలితములను గూర్చి మాటలాడుచుందును. నేడు కుట్టుయంత్రములను గూర్చి మాటలాడదలచితిని. ప్రధానోపాధ్యాయునకు ఈ గొడవ ఏల అని కొందరు నవ్వవచ్చును. మన పిల్లలలో పలువురి ఇండ్లలో తల్లి కుట్టుపని తండ్రి సంపాదనకు తోడుగా నున్నది. కొన్ని ఇండ్లలో అదియే సంపాదన. ఒక యంత్రమున్న ఇంటికి ఇప్పుడు రెండవది, మూడవది వచ్చుచున్నవి. బొంతలు కుట్టి అమ్ముదమను కోరికతో ఇంటిలో ఒక గదిని ఎట్లు అమర్చుకొనవలెనని ముగ్గురు నలుగురు తల్లులు నన్నడిగిరి. నేను కుట్టుపని నేర్చినవాడను కాను. మా అమ్మగారి ఉషా యంత్రము ప్రక్కన కూర్చుండి ఎక్కములు వల్లించినవాడను. ఆ పరిచయముతోను, మా ఇంటి ఇల్లాలు దిద్దిన తప్పులతోను చెప్పుచున్నాను.

మొన్న ఆరవ తరగతిలో బొంత అనగా నేమని అడిగితిని. ఒక్కరును చెప్పలేదు. చివరకు ఒక పిల్లవాడు లేచి, “క్విల్టా సార్?” అనెను. పాత చీరలను పొరలు పొరలుగా పరచి కుట్టిన ఆ బొంతమీదనే వాని తాతముత్తాతలు నిద్రించియుందురు. బెంగాలులో దానినే కాంథా అందురు. ఇక మన నగరమునకు బట్టతో గల సంబంధము నేటిది కాదు. చింతాద్రిపేట 1734 ప్రాంతమున, సుంకురామ చెట్టిగారి తోటగా నుండిన చోట, నేతగాండ్ర కొరకు ఏర్పడిన పేట. ‘చిన్న తరి పేట’, అనగా చిన్న మగ్గముల పేట, అనుటనుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. కుంపిణీవారి బట్టలను చలువచేసినవారి పేరు వాషర్‌మన్‌పేటకు నిలిచినది.

ఇక గది సంగతి. బొంత కుట్టుటలో కష్టము సూదిది కాదు, బరువుది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గల బొంత యంత్రమునుండి క్రిందికి వ్రేలాడినచో ఆ బరువు బట్టను లాగును; కుట్టు వంకర పోవును, సూది విరుగును, కుట్టువారి భుజము పట్టుకొనును. కావున యంత్రమునకు ఎడమప్రక్కను, వెనుకను, యంత్రపు పీటతో సమానమైన ఎత్తున బల్లలు చేర్చవలెను. పాత తలుపు రెక్కయైనను చాలును. పది అడుగులకు పండ్రెండడుగుల గదిలో దీనికే సగము చోటు పోవును. కనుక మూడు యంత్రములను గోడవెంట వరుసగా పెట్టరాదు. రెండు గోడలు కలియు మూలలో అమర్చి, నడుమ ఒకే పీట వేసికొనవలెను. కూర్చున్న మనిషి ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు తిరుగవలెను.

ఈ మాటను తల్లులు గట్టిగా పట్టుకొనవలెనని కోరుచున్నాను. యంత్రములు మూడైనను పీట ఒక్కటే. కాలితో త్రొక్కు పాత యంత్రము కిటికీ క్రింద నుండవలెను. ముక్కలు అతుకుటకు దాని నెమ్మదియే మేలు. మోటారు గల బలమైన యంత్రము పొరలను కలిపి కుట్టుటకు. మూడవది అంచులకు, జాకెట్లకు, ఇరుగుపొరుగువారు తెచ్చు చిల్లర పనులకు. ఒక్క యంత్రము మీదనే అన్ని పనులు చేసినచో మాటిమాటికి సూది, దారము, బిగువు మార్చవలసివచ్చును. మామూలు బట్టకు 14 సంఖ్య సూది, పొరలకు 16 సంఖ్య సూది. మామూలు కుట్టు రెండు రెండున్నర మిల్లీమీటర్లు ఉండగా, పొరలపై మూడునుండి నాలుగు వరకు పెంచి, పాదము ఒత్తిడి తగ్గించవలెను. యంత్రములు ఎక్కువగుటవలన లాభము ఈ మార్పిడుల కాలము మిగులుటయే కాని, మనుషులు ఎక్కువగుట కాదు.

బట్టలు ముందుగా ఉతికి ఆరవేయవలెను. ఎరుపు, నీలము రంగులు దిగునవి వేరుగా నుంచవలెను. పొరలను నేలపై ముడుతలు లేకుండ పరచి, చేతితో దూరదూరముగా తాత్కాలికపు కుట్లు వేసి, నడుమనుండి అంచులకు కుట్టుకొని పోవవలెను. అంచునుండి మొదలిడినచో నడుమ బట్ట పోగుపడును. మన ఎండలకు దూది అక్కరలేదు, నూలుచీరల పొరలే చాలును. బూరుగుదూది దిండ్లకే తగినది. బొంతలో జారి ఒక మూల చేరును. ఇస్త్రీపెట్టెను యంత్రపు మోటార్లతో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలింపరాదు. సముద్రపు తేమకు ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. రాత్రి తుడిచి, నూనెచుక్క వేసి, బట్ట కప్పి పరుండవలెను.

లెక్కలయ్యవారి అలవాటు పోలేదు, మన్నింపుడు. అయిదడుగులకు ఏడడుగుల బొంతకు ఆరంగుళముల చదరపు ముక్కలు 140 కావలెను. నాలుగు వైపుల అర అంగుళము కుట్టులో పోవును గనుక ఏడంగుళములు కత్తిరింపవలెను. రెండంగుళముల ఎడముతో నిలువుగా కుట్టినచో సుమారు 30 వరుసలు, 210 అడుగుల కుట్టు. మూడు మిల్లీమీటర్ల చొప్పున ఇరువదియొక్క వేల పైచిలుకు కుట్లు. ఈ లెక్కను పిల్లలచే చేయించుడు. తమ తల్లి పని ఎంతటిదో వారికి తెలియును. ధర చెప్పునప్పుడు తల్లికిని తెలియవలెను.

ఇప్పుడు నా మనస్సులోని మాట. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మొదట సోమవారములు, తరువాత వారమున మూడు దినములు బడి మానినది. నేను వారింటికి వెళ్లితిని. ముందుగదిలో రెండు యంత్రములు. రెండవది అప్పు చేసి కొన్నది. ఒక వర్తకుడు పెద్ద గిరాకి ఇచ్చి గడువు పెట్టెను. రెండవ యంత్రము ముందు మా విద్యార్థిని కూర్చుండియుండెను. నేను బడిపంతులువలె కేకలు వేసితిని. ఆ తల్లి తల యెత్తకుండ, “అయ్యా, మిషను ఖాళీగా ఉంటే వడ్డీ ఆగుతుందా?” అనెను. నావద్ద సమాధానము లేకపోయినది.

చట్టమున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకు చదువును హక్కు చేసినది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము, బడి విడిచిన తరువాతను సెలవులలోను, ప్రమాదము లేని ఇంటిపనిలో పిల్లలు తోడ్పడవచ్చుననినది. తొమ్మిదవ తరగతిలో పిల్లకు పదునాలుగు నిండును. చట్టము పట్టు సడలు వయస్సును, రెండవ యంత్రము ముందు కూర్చుండగల వయస్సును ఒక్కటే. యంత్రములను అంతగా విమర్శించిన గాంధీజీ కూడ 1924లో కుట్టుయంత్రమును మినహాయించిరి. సింగర్ తన భార్య చేతికుట్టు శ్రమను చూడలేక దానిని చేసెనని వారు తలచిరి. ఒకరి శ్రమ తగ్గించుటకు వచ్చిన వస్తువు ఇంటిలో మరొకరిని పనికి కూర్చుండబెట్టుచున్నదా అని నేనిప్పుడు ఏ ఇంటికి వెళ్లినను చూచుచుందును.

ఆ తల్లివద్దకు మరల నేను పోలేదు. మా ఇంటి ఇల్లాలు పోయినది. ఏమి మాటలాడుకొనిరో పూర్తిగా నాకు తెలియదు. రెండు బల్లలు జరిగినవి, ఒక పీట తీసివేయబడినది, గిరాకి సగము తగ్గించిరి. అప్పు తీరుటకు ఏడాది ఎక్కువ పట్టినది. ఆ బాలిక అర్ధసంవత్సర పరీక్షలు వ్రాయలేదు, ఆ తరగతిలోనే మరల చదివినది. సాయంకాలము ఆరునుండి ఎనిమిదివరకు మోటారు ఆపి, బట్ట కత్తిరించు బల్లపైనే ఆమెయు తమ్ముడును చదువుకొనుచుండిరి. ఆ ఇంటిలో అంత పెద్ద బల్ల మరి లేదు.

అప్పు చేయక యంత్రము పొందదలచువారికి ఒక మాట. తమిళనాడు ప్రభుత్వము సత్యవాణి ముత్తు అమ్మయ్యార్ పేర వితంతువులకు, భర్త విడిచినవారికి, వికలాంగ స్త్రీలకు, బీద స్త్రీలకు ఉచితముగా కుట్టుయంత్రములిచ్చు పథకము పెట్టినది. దరఖాస్తు తమిళములో వ్రాయుటకు మన ఉపాధ్యాయులు తోడ్పడుదురు, సిగ్గుపడవలదు.

ఈ వేదిక బల్లపై పరచిన బొంత ఆ తల్లి కుట్టినదే. సభానంతరము దగ్గరకు వచ్చి వెనుకవైపు కుట్టు చూడుడు. చేతిపనుల గదిలోని రెండు యంత్రములను వచ్చే శనివారము సాయంకాలము తల్లుల కొరకు తెరచియుంతుము. పాత నూలుచీరలు ఉతికి తెండు. కత్తెరలు మావద్ద తక్కువగా నున్నవి, ఎవరివి వారే తెచ్చుకొనవలెను.