అక్షరసంపద - దాని భద్రత
(ఉపన్యాస పాఠము)



తపతీనది సముద్రమున గలియుచోటనున్న హజీరాలో ఓఎన్‌జీసీ, క్రిబ్‌కో కర్మాగారములు వెలసిన పిమ్మట దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. వారిలో తెలుగువారును గలరు. సూరతు నగరమున తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు మరమగ్గములపై జీవనము సాగించుచున్నవి. ఇట్టి దూరప్రాంతమున ఒక తెలుగు సంఘమునకు గల ఆస్తి యేమి? నాటకముల ఛాయాచిత్రములు, పిల్లల పద్యపఠనముల ధ్వనిముద్రణలు, ఉగాది కవితల ప్రతులు. ఇవి పోయినచో వెలపెట్టి కొనదగినవి కావు.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తపతి పొంగి సూరతులో అధికభాగమును ముంచెత్తెను. వరద వచ్చినపుడు క్రింది అంతస్తులోని కాగితము నానిపోవును. అచటనే యున్న డిస్కునకును అదియే గతి.

పూర్వులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల భాండారమున నుండుటచేతనే 20వ శతాబ్దమున మరల వెలుగుచూచినవి. సి. పి. బ్రౌను పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. గట్టి ఆధారము, పెక్కు ప్రతులు - నేటికిని సూత్రములు ఈ రెండే.

నేడు యూఎస్‌బీ డ్రైవును అందుకు తగిన రౌటరునకు తగిలించినచో కార్యాలయములోని కంప్యూటర్లన్నియు దానిని పంచుకొనగలవు. మొదట విద్యుత్తును గమనింపవలెను. రెండున్నర అంగుళముల డ్రైవునకు సాధారణముగ యూఎస్‌బీ తీగయే చాలును; మూడున్నర అంగుళముల దానికి ప్రత్యేకముగ అడాప్టరు వలయును.

పిదప ఫార్మాటు. ఇది క్రొత్త దస్తరమునకు పుటసంఖ్యలు వేసి విషయసూచిక ఏర్పరచుట వంటిది. పాత సూచిక చెరిగిపోవును గావున, లోపలనున్న దానిని ముందుగనే వేరొకచోటికి ప్రతి తీయవలెను. ఫ్యాట్32 పద్ధతిని దాదాపు అన్ని యంత్రములును గుర్తించును. కాని 4 జీబీలకు మించిన ఫైలు అందులో పట్టదు. పూర్తి నాటకపు వీడియో అంతకు మించవచ్చును. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోసునకును, ఈఎక్స్‌టీ4 లినక్సునకును సహజమైనవి. నెట్‌వర్కు నిల్వపెట్టెలలో పెక్కు లినక్సుపై నడచును గనుక వానికి ఈఎక్స్‌టీ4 తగినది. అయితే ఆ డ్రైవును ఊడదీసి విండోసు యంత్రమునకు తగిలించినచో అది సామాన్యముగ చదువజాలదు. యంత్రముతో వచ్చిన వివరణ పుస్తకము చూచియే నిర్ణయించుట మేలు.

పిమ్మట అందరికిని చదువు హక్కును, ఇద్దరు ముగ్గురికి మాత్రమే వ్రాత హక్కును ఈయవలెను. సంకేతపదము కార్యదర్శి యొక్కనియొద్దనే యున్నచో, ఆయన బదిలీతో భాండారమునకు తాళము పడును.

నెట్‌వర్కులో నుంచినంత మాత్రమున వస్తువు భద్రము కాదు. డ్రైవు ఒక్కటియైనచో ప్రతియు ఒక్కటియే. రెండవ ప్రతి పై అంతస్తునను, మూడవది సెలవుపై స్వస్థలమునకు వెళ్లు సభ్యుని యింటను ఉండవలెను. ఏటేట వానిని తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి ఉన్నదనుకొనుటయే గాని ఉన్నట్లు కాదు. రాబోవు ఉగాది ముద్రణలతోనే సంఘములు ఈ పని ఆరంభించుట యుక్తము.