అమానత్ ద్రోహమూ మంగోల్ ఉప్పెనా

 



ఉర్దూలో 'చంగేజీ' అనే మాట ఒకటుంది. దయాదాక్షిణ్యాలు లేని అధికారానికి అది పేరు. తెలుగులో అదే మనిషి పేరు ఎత్తితే చదువరులకు తెన్నేటి సూరి గారి నవల గుర్తుకు వస్తుంది. అందులో అతడు పసితనంలో తండ్రిని పోగొట్టుకొని, ఆకలికీ అవమానానికీ ఓర్చి, చెదిరిన తెగలను కూడగట్టిన వీరుడు. ఈ రెండు భాషలూ మన ఇళ్లలోనివే. ఒకటి అతడిని శపిస్తుంది, మరొకటి మెచ్చుకుంటుంది. ఏది నిజమని మన యువకులు, ముఖ్యంగా ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదివే విద్యార్థులు అడుగుతూ ఉంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే మింబర్ మీద నిలిచి మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఆ ఉప్పెన ముస్లిం దేశాలపైకి ఏ ద్వారం గుండా వచ్చింది? ఆ తలుపు తెరిచినవారెవరు?

12వ శతాబ్దంలో చైనాకు ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాలలో మంగోలులు ఒక్కరే ఉండేవారు కాదు. తాతారులు, మెర్కిత్‌లు, కెరెయిత్‌లు, నైమానులు, ఓంగుత్‌లు ఉండేవారు. గుర్రాలు, గొర్రెలు, గుడారాలు వారి ఆస్తి. ఒకరి మందను ఒకరు తోలుకుపోవడం, ఒకరి ఇంటి ఆడపడుచును మరొకరు ఎత్తుకుపోవడం, ఆ పగను తరతరాలు మోయడం వారి జీవితం. ఇస్లాంకు పూర్వపు అరబ్బులు మీకు గుర్తుకు వస్తే ఆశ్చర్యం లేదు.

తెమూజిన్ 1162 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి యెసుగెయిని తాతారులు విషం పెట్టి చంపినప్పుడు అతడికి సుమారు తొమ్మిదేళ్లు. సొంతవారే ఆ విధవరాలిని, పిల్లలను మైదానంలో వదిలి వెళ్లిపోయారు. తల్లి హోయెలున్ అడవి పండ్లు ఏరి, దుంపలు త్రవ్వి బిడ్డలను సాకింది. 1203లో కెరెయిత్‌ల నాయకుడు ఓంగ్ ఖాన్‌తో పోరు బెడిసి, అతడు బల్జున నీటి ఒడ్డుకు చేరినప్పుడు వెంట నిలిచినవారు కొద్దిమందే. సరిగ్గా అప్పుడు ఒక వర్తకుడు తెల్లని ఒంటె నెక్కి, వెయ్యి గొర్రెపోతులను తోలుకుంటూ, బొచ్చు చర్మాల బేరానికి అటు వచ్చాడు. ఆ వర్తకుడు హసన్ అనే ముస్లిం. మంగోలులు తమ గురించి తాము వ్రాసుకున్న 'రహస్య చరిత్ర' ఈ సంగతిని నమోదు చేసింది. అంటే వారు మన సమాజాన్ని ఎరిగినది ముందుగా బేరసారాల వల్ల. కత్తి తరువాత వచ్చింది.

1206లో ఓనోన్ నది దగ్గర తెగలన్నీ సమావేశమై అతడికి చెంగిజ్ ఖాన్ అనే బిరుదునిచ్చాయి. అతడు సైన్యాన్ని పది, నూరు, వెయ్యి, పదివేలుగా విభజించి, తెగలను ఆ దళాలలో కలగలిపివేశాడు. వంశం కన్న యోగ్యతకు విలువనిచ్చాడు. తన గుర్రాన్ని బాణంతో పడగొట్టిన శత్రువు ఆ సంగతిని దాచక ఒప్పుకున్నందుకు అతడినే సేనానిగా చేసుకున్నాడు. ఆ సేనాని పేరు జెబె. ఈ జెబెను కాస్త గుర్తుంచుకోండి.

ఎందుకంటే నైమానుల రాకుమారుడు కుచ్లుగ్ ఓడి పడమటికి పారిపోయి, తనకు ఆశ్రయమిచ్చిన ఖరా ఖితాయ్ రాజ్యాన్నే కాజేశాడు. కాష్గర్, ఖోతన్ ప్రాంతాల ముస్లింలను మతం మారమని పీడించాడు. ధైర్యంగా సమాధానం చెప్పిన ఖోతన్ ఇమామ్ అలావుద్దీన్ ముహమ్మద్ గారిని ఆయన మదరసా ద్వారానికే మేకులతో కొట్టి చంపించాడు. 1218లో జెబె సేన వచ్చి, ఎవరి ధర్మాన్ని వారు పాటించుకోవచ్చునని చాటింపు వేయించింది. కాష్గర్ ముస్లింలు ఆ మంగోలులను అల్లాహ్ పంపిన కారుణ్యంగా తలచారని జువైనీ వ్రాశాడు. సోదరులారా, ఒక్క క్షణం ఇక్కడ నిలవండి. మనం ఏ పేరు వినగానే 'లా హౌల' చదువుతామో, ఆ పేరు గలవాడి సైన్యాన్ని 1218లో ముస్లింలు దీవించారు. రెండేళ్లు తిరగకముందే బుఖారా తగలబడింది. ఆ నడుమ జరిగిందేమిటి?

ఆ నడుమ జరిగింది ఒత్రార్.

ఒత్రార్ సైహూన్ నది దగ్గర ఖ్వారజ్మ్ రాజ్యపు సరిహద్దు పట్టణం. ఖ్వారజ్మ్ షా ముహమ్మద్ ఆనాటి ముస్లిం రాజులలో మహా బలవంతుడు. చెంగిజ్ ఖాన్ అతడితో వర్తక ఒప్పందం కోరాడు. 1218లో వెండి, బంగారం, పట్టు, బొచ్చు చర్మాలతో ఒక బిడారు ఒత్రార్ చేరింది. అందులో సుమారు 450 మంది ఉన్నారు. వారిలో అత్యధికులు ముస్లింలే. పట్టణాధికారి ఇనాల్చుక్ వారిని గూఢచారులని ఆరోపించి నిర్బంధించాడు. షా అనుమతితో అందరినీ చంపించి సొమ్మును స్వాధీనం చేసుకున్నాడు. ప్రాణాలతో తప్పించుకున్న ఒంటెలవాడు ఒకడు పోయి సంగతి చెప్పాడు. చెంగిజ్ ఖాన్ వెంటనే దండెత్తలేదు. దోషిని అప్పగించమని రాయబారులను పంపాడు. షా వారిలో ముఖ్యుడైన ముస్లిం రాయబారిని చంపించి, తక్కిన ఇద్దరు మంగోలుల గడ్డాలు తీయించి తిప్పి పంపాడు.

మన షరీఅత్ ఈ విషయంలో ఏమి చెబుతున్నదో తెలియనివాడా ఆ షా? అతడి రాజ్యంలో బుఖారా ఉంది, సమర్ఖంద్ ఉంది, హదీసు విద్యకు, ఫిఖ్‌హ్ విద్యకు పుట్టినిళ్లున్నాయి. అబద్ధపు ప్రవక్త ముసైలమా మనుషులు మదీనాకు వచ్చి ఆ అబద్ధాన్నే సమర్థించినప్పుడు కూడ, దూతలను చంపరాదు గనుక దైవప్రవక్త (స) వారిని ప్రాణాలతో పంపివేశారు. అన్నిసా సూరా 58వ ఆయత్ అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని ఆదేశిస్తుంది. హక్కుదారుడు ముస్లిమైతేనే అని అక్కడ షరతు లేదు. సరిహద్దు దాటి మన నేలపై కాలుపెట్టిన బాటసారి, అతడి మూట, అతడి ప్రాణం మనకు అమానత్. ఒక ముస్లిం రాజు ఆ అమానత్‌ను మింగాడు. తరువాత దాని వెల చెల్లించింది షా ఒక్కడు కాదు. ఒత్రార్ పేరు కూడ వినని రైతులు, నేతగాళ్లు, పసిపిల్లలు చెల్లించారు.

బాసరలో ఉంటున్న మనకు ఈ ముక్క అందరికన్న త్వరగా అర్థం కావాలి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో జనం ఈ గోదావరి ఒడ్డుకు వస్తారు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. దానిలో దాపరికం అవసరం లేదు. కాని పసిబిడ్డను ఎత్తుకొని రైలు దిగిన తల్లి ఎవరి ఆటో ఎక్కినా, ఎవరి దుకాణంలో సరుకు కొన్నా, ఆ బేరంలో ఆమె మన బిడారు. కొత్తవారని కిరాయి రెట్టింపు చెప్పినవాడు, తూకం తగ్గించినవాడు తన స్థాయిలో ఒత్రార్ అధికారే. అతడికి చేతనైనంత అతడు చేశాడు, అంతే తేడా.

1219లో మంగోల్ సేనలు కదిలాయి. షాకు సైన్యం కొరత లేదు. నమ్మకం కొరత ఉంది. ఒకచోట చేర్చితే సేనానులు తనపైనే తిరగబడతారని భయపడి, సైన్యాన్ని కోటలకు పంచివేశాడు. తల్లి టెర్కెన్ ఖాతూన్ వేరే దర్బారు నడుపుతోంది. బాగ్దాద్ ఖలీఫా అన్నాసిర్‌తో వైరం. 1217లో ఖలీఫాపైకే దండు వెళ్లి మంచు తుఫానులో చిక్కి తిరిగి వచ్చాడు. 1220లో బుఖారా, సమర్ఖంద్ పడిపోయాయి. అదే ఏడాది షా కాస్పియన్ సముద్రంలోని ఒక దీవిలో దిక్కులేక మరణించాడు. 1221లో గుర్గంజ్, మెర్వ్, నీషాపూర్ నాశనమయ్యాయి. షేఖ్ నజ్ముద్దీన్ కుబ్రా గుర్గంజ్‌లోనే అమరులయ్యారు.

బుఖారాలో చెంగిజ్ ఖాన్ ప్రజలను సమావేశపరచి, మీ పాపాలకు దేవుడు పంపిన శిక్షను నేను అన్నాడని జువైనీ వ్రాశాడు. వక్తలు ఈ మాటను ఎంతో ఉద్వేగంగా చెబుతారు. మేము దానిని వాదనగా స్వీకరించము. ఒక జాలిమ్ తన దౌర్జన్యాన్ని అల్లాహ్ ఖాతాలో వ్రాసుకుంటే మనం దానికి సాక్షి సంతకం పెట్టాలా? షా చేసినది ద్రోహం; మంగోలులు చేసినది దౌర్జన్యం. మొదటిది రెండవదాన్ని ధర్మం చేయజాలదు. 450 మంది ప్రాణాలకు బదులు లక్షల ప్రాణాలు తీయడం ఖిసాస్ కాదు. కష్టంలో ఉన్నవారి దగ్గరికి వెళ్లి "ఇది మీ పాపాల ఫలం" అనేవారు మన వీధులలోనూ ఉన్నారు. ఆ మాట చెంగిజ్ నోట పలికిన మాటని వారు తెలుసుకుంటే మంచిది.

1258లో బాగ్దాద్ పతనాన్ని గురించి మీరు అనేకసార్లు విని ఉన్నారు. దాని కోసం ఏడ్చినవారికి మేము మరొక ఊరి పేరు గుర్తుచేస్తాము. ఆ ఊరు మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది.

మంగోలుల నుంచి ఢిల్లీని కాపాడిన రాజుగా అలావుద్దీన్ ఖిల్జీని మనం పొగడుతాము. 1303లో మంగోల్ సేనాని తర్గీ ఢిల్లీని చుట్టుముట్టినప్పుడు సుల్తాను సేనలో ఒక భాగం మన ఓరుగల్లుపై దండయాత్రకు పోయి ఉంది. ఆ యాత్ర విఫలమైంది. 1309లో మలిక్ కాఫూర్ నాయకత్వాన మళ్లీ సేన వచ్చింది. ఓరుగల్లు చేరేముందు అది ఒక కోటను ముట్టడించింది. ఆ కోట మన సిర్పూర్ అని చరిత్రకారులు గుర్తించారు. కోటలోనివారు ఆలుబిడ్డలతో సహా మంటలలో దూకారు. ఈ దండయాత్ర వృత్తాంతాన్ని గ్రంథస్థం చేసినవారు అమీర్ ఖుస్రో. వారి తండ్రి మంగోల్ దాడులకు ఇల్లు విడిచి హిందూస్తాన్ చేరిన లాచీన్ తురుష్కుడు. ఖుస్రో స్వయంగా 1285లో ముల్తాన్ దగ్గర మంగోలుల చేతిలో బందీ అయి తప్పించుకున్నారు. ఆ బాధను అనుభవించిన కలమే సిర్పూర్ ముట్టడిని విజయగాథగా వ్రాసింది. వారి కవిత్వంపై మాకు గల ప్రేమ తగ్గలేదు. అయినా ఈ సంగతి మనసును గుచ్చుతుంది.

మీ స్వంతవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం పలకాలన్నది అన్నిసా సూరా 135వ ఆయత్ ఆదేశం. బుఖారాలో చచ్చినవారికి కన్నీరు, సిర్పూర్‌లో చచ్చినవారికి మౌనం ఆ ఆయత్‌తో పొసగవు. ఇదేమీ పాత సంగతి కాదు. పొరుగునే ఉన్న భైంసాలో 2008 అక్టోబర్‌లో, 2020 జనవరిలో, 2021 మార్చిలో ఏమి జరిగిందో మీకు తెలుసు. అటువంటి రోజులలో ఫోనులో వచ్చిన ప్రతి మాటనూ పదిమందికి పంపేవాడు, గూఢచారులని చెప్పిన ఇనాల్చుక్ మాటను విచారించక ఆమోదించిన షా వంటివాడు. వార్త తెచ్చినవాడెవడో, అందులో నిజమెంతో తేల్చుకోకుండా అడుగు వేయరాదని అల్‌హుజురాత్ సూరా చెప్పనే చెప్పింది. మనవాడు తప్పు చేస్తే మనవాడే తప్పు చేశాడని చెప్పగల నోరు ముందు మస్జిద్‌లో ఉండాలి, తరువాత పోలీసు ఠాణాలో.

ఇక గెలిచిన మంగోలుల సంగతి. 1260లో ఐన్ జాలూత్‌లో వారి పురోగమనం ఆగిన మాట నిజమే. కాని వారి హృదయాలు ఐన్ జాలూత్‌లో మారలేదు. చెంగిజ్ మనుమడు బెర్కె ఖాన్ ఇస్లాం స్వీకరించాడు. బాగ్దాద్‌ను నాశనం చేసిన తన పినతండ్రి కుమారుడు హులాగూతో యుద్ధం చేశాడు. హులాగూ మునిమనుమడు గాజాన్ ఖాన్ 1295లో కలిమా చదివాడు. ఇంకొక వృత్తాంతం తారీఖె రషీదీలో ఉంది. మధ్య ఆసియా మంగోల్ రాకుమారుడు తుగ్లుక్ తైమూర్ ఒక షేఖ్‌ను పట్టుకొని, తన వేటకుక్కను చూపి, నువ్వు గొప్పా ఇది గొప్పా అని ఎగతాళి చేశాడట. విశ్వాసంతో ఉంటే నేను, లేకుంటే ఈ కుక్కే గొప్పదని షేఖ్ జమాలుద్దీన్ ప్రశాంతంగా బదులిచ్చారట. ఆ రాకుమారుడు ఆ జవాబును మరువలేక చివరికి ముస్లిం అయ్యాడు. ఓడిపోయిన సమాజానికి అప్పుడు సైన్యం లేదు, ఖలీఫా లేడు. నిజం చెప్పే వర్తకుడు, కోపం మింగిన షేఖ్ మాత్రం మిగిలి ఉన్నారు. విజేతలు వీరి దగ్గరికి వచ్చారు.

ఆ మైదానాల గాలి మన తెలంగాణ వరకు వీచింది. ఖాన్, బేగ్ అనే పేర్లు అక్కడివే. 'ఉర్దూ' అంటే వారి భాషలో దండు విడిది. మన పెద్దలు నిజాం కాలంలో విన్న 'దారోగా' మంగోల్ మాట. అంతకన్న పెద్ద సంగతి గోల్కొండ. ఇరాన్ పడమటి ప్రాంతాలనేలిన ఖరా ఖోయున్లూ, అంటే నల్లగొర్రెలవారు, తుర్క్‌మాన్ పశుకాపరులు. మంగోల్ రాజ్యం కూలిన తరువాత పెరిగి, 1467లో తెల్లగొర్రెలవారి చేతిలో పతనమయ్యారు. ఆ వంశపు యువకుడు సుల్తాన్ కులీ హమదాన్ నుంచి ప్రాణాలు దక్కించుకొని బహమనీ దర్బారు చేరాడు, తెలంగాణ పాలకుడయ్యాడు, గోల్కొండ రాజ్యాన్ని స్థాపించాడు. అతడి కుమారుడు ఇబ్రాహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. వారి నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగన్న అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితం చేశాడు. పరాయి నేలపై ప్రాణభయంతో వచ్చినవాడిని ఈ నేల చంపలేదు, గూఢచారి అనలేదు. అతడి బిడ్డలు ఈ నేల భాషను తమది చేసుకున్నారు. మన పిల్లలు తెలుగు వ్రాయడం నేర్వడానికి సిగ్గుపడుతుంటే చూసి ఊరకున్న తల్లిదండ్రులు ఈ సంగతి ఇంటికి వెళ్లి చెప్పండి.

సున్నత్ నమాజుల వేళ అయింది. ఎవరి దగ్గరైనా ఇతరుల సొమ్ము, తాకట్టు పెట్టిన నగ, అప్పగించిన కాగితం ఉండిపోయి ఉంటే, ఆ మనిషి ముస్లిం కానీ కాకపోనీ, వచ్చే జుమాలోపు చేర్చండి. దారి తెలియకుంటే అస్ర్ తరువాత మా దగ్గరకు రండి, మేమూ వెంట వస్తాము. లేవండి, సున్నతులు చదువుకోండి.